జనంలో, అడవిలో ఫోన్ మర్యాద: బస్సెక్కినప్పటి నుంచి కొండ దిగేదాకా

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాలు చీల్చుకుని సూర్యుడు పైకొచ్చే వేళకి నాలుగైదు బ్లూటూత్ స్పీకర్లు ఒకేసారి మోగుతుంటాయి. ఒకదాంట్లో మాస్ బీటు, ఇంకోదాంట్లో మెలొడీ. వాటి మధ్య ఎవరో వీడియో కాల్లో "కనిపిస్తోందా? ఇప్పుడు కనిపిస్తోందా?" అని అరుస్తుంటారు. చీకట్లో లేచి, చలిలో వణుకుతూ కొండెక్కినవాళ్లకి దక్కేది ఈ గోల.

అలాగని ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మని నేను చెప్పను. దారి తప్పినా, కాలు విరిగినా ఆదుకునేది అదే. నిండుగా ఛార్జింగ్‌తో, చప్పుడు చేయకుండా జేబులో ఉంటే చాలు. ఫోన్ మన సొంతమే కానీ దాని చప్పుడు, వెలుతురు, కెమెరా పక్కవాళ్ల మీద కూడా పడతాయి. కింద చెప్పినవన్నీ ఈ మూడింటిని అదుపులో పెట్టుకోవడం గురించే. వీకెండ్‌కి ఊరు దాటి కొండకో అడవికో వెళ్లేవాళ్లని దృష్టిలో పెట్టుకుని, ప్రయాణం సాగే వరసలోనే రాశాను.

1. బయల్దేరే ముందు, ఇంటి దగ్గర

ముందు చప్పుళ్ల సంగతి చూడండి. రింగ్‌టోన్‌ని వైబ్రేషన్‌కి మార్చడం అందరికీ గుర్తుంటుంది. కీప్యాడ్ టకటకలు, కెమెరా క్లిక్కు, వాట్సాప్ గ్రూపుల టింగ్‌టింగ్‌లు మాత్రం అలాగే వదిలేస్తారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాటిని కూడా ఆపేయండి. ఇయర్‌ఫోన్స్ ఒక జత వైరువి పెట్టుకోండి, బ్లూటూత్ వాటికి సగం దారిలో ఛార్జింగ్ అయిపోతే మళ్లీ స్పీకర్ ఆన్ చేయాలనిపిస్తుంది.

వెళ్లే ప్రాంతం మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్‌తో పని లేదు, అది ఉపగ్రహాల నుంచి అందుతుంది. మ్యాప్ ఫోన్లోనే ఉంటే ఏ టవరూ లేని చోట కూడా మీరెక్కడున్నారో నీలం చుక్క చూపిస్తుంది.

తర్వాత ఇంట్లోవాళ్లకి, ఒక స్నేహితుడికి ఒక మెసేజ్ పెట్టండి. "వెళ్తున్నాం, బై" అని పెడితే లాభం లేదు. ఇలా ఉండాలి:

"శనివారం పొద్దున 5కి బయల్దేరుతున్నాం. మన్ననూరు, ఫర్హాబాద్, శ్రీశైలం. నలుగురం. కారు నంబరు ఫలానా. అడవిలో సిగ్నల్ ఉండదు, కంగారు పడొద్దు. ఆదివారం రాత్రి ఫోన్ రాకపోతే చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయామనుకోండి. సోమవారం పొద్దున 9 దాటినా రాకపోతే పోలీసులకి చెప్పండి."

చెక్‌పోస్టు మాట ఊరికే రాయలేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు, దోమలపెంట మధ్య అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఉంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అక్కడ వాహనాలు వదలరు. పావుగంట ఆలస్యమైతే రాత్రంతా గేటు దగ్గరే. ఆ విషయం ఇంట్లోవాళ్లకి తెలియకపోతే, ఇటు సిగ్నల్ దొరక్కపోతే, వాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఫోన్ పనిచేయని చోటికి వెళ్తున్నామని ముందే చెప్పడం ఫోన్ మర్యాదల్లో మొదటిది అని నా అభిప్రాయం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

చివరగా, నాలుగు ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టండి. సొంత భార్య నంబరో, భర్త నంబరో కూడా నోటికి రాని రోజులివి.

2. బస్సులో, రైల్లో

సూత్రం ఒక్కటే: మీ ఫోన్ చప్పుడు మీ సీటు దాటకూడదు. రీల్స్ అయినా, క్రికెట్ అయినా, పిల్లల కార్టూన్ అయినా, స్వామివారి సుప్రభాతం అయినా ఇయర్‌ఫోన్స్‌లోనే వినాలి. భక్తి పాటకి మినహాయింపు ఉందని చాలామంది అనుకుంటారు. లేదు. పిల్లాడికి ఇయర్‌ఫోన్స్ పెట్టడం ఇష్టం లేకపోతే కార్టూన్‌ని మ్యూట్‌లో పెట్టండి, వాడు బొమ్మలు చూసి కూడా నవ్వుతాడు.

స్పీకర్ పెట్టి మాట్లాడటం ఇంకో రకం బాధ. అటు బావగారు, ఇటు ఈయన, మధ్యలో పొలం గట్టు తగాదా. వినక తప్పని స్థితిలో బోగీ అంతా. అవతలి మనిషికి తన మాటలు ముప్పై మంది వింటున్నారని తెలియదు, అది ఇంకా అన్యాయం. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి, గొంతు తగ్గించండి. సిగ్నల్ సరిగా లేకపోతే మీరెంత అరిచినా అవతలికి వినపడదు. "ట్రైన్లో ఉన్నా, దిగాక చేస్తా" అని పెట్టేయడం మేలు. ఓటీపీ, కార్డు నంబరు, ఆధార్ అంకెలు, ఇంటికి తాళం వేసి ఊరెళ్తున్న సంగతి బోగీలో గట్టిగా చెబితే నష్టం మీకే.

రైళ్లలో రాత్రి 10 తర్వాత గట్టిగా మాట్లాడకూడదు, పాటలు పెట్టకూడదు, నైట్ లైటు తప్ప మిగతావి ఆర్పేయాలి. ఇది రైల్వే పెట్టిన నియమమే, అమలు చేయాల్సింది టీటీఈ, కోచ్ సిబ్బంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లాంటి రాత్రి బండిలో పై బెర్తు మీద పడుకుని పూర్తి బ్రైట్‌నెస్‌తో సినిమా చూస్తే, ఆ వెలుతురు ఎదురు బెర్తు వాళ్ల మొహం మీద ఆడుతుంది. బ్రైట్‌నెస్ అడుగుకి దించి, తెర గోడవైపు తిప్పుకోండి.

అలారం సంగతి కూడా చెప్పాలి. తెల్లవారి 4 గంటలకి దిగాల్సిన ఆయన 3:30కి ఒకటి, 3:40కి ఒకటి, 3:50కి ఒకటి పెట్టుకుంటాడు. ఫోన్ ఛార్జింగ్‌కి అవతల ప్లగ్గులో ఉంటుంది. మూడూ మోగుతాయి, బోగీ మొత్తం లేస్తుంది, ఆయన తప్ప. ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి చొక్కా జేబులోనో దిండు కిందో ఉంచండి. 139కి ఫోన్ చేసి, స్టేషన్ రావడానికి ముందు లేపమని అడిగే సదుపాయం కూడా ఉంది.

ప్లగ్గు అందరిదీ. మీది 80 శాతం దాటితే తీసి పక్కవాళ్లని అడగండి. చాలా రైళ్లలో రాత్రి 11 నుంచి 5 దాకా ప్లగ్గులకి కరెంటు ఆపేస్తారు కాబట్టి ఆ పని ముందే చూసుకోవాలి. వేరేవాళ్ల ఫోన్ పీకి మీది పెట్టడం మాత్రం ఎంత అవసరమైనా చేయకూడదు.

ఇక గోల చేసేవాళ్లకి ఎలా చెప్పాలి? మనకి మొహమాటం. గంటసేపు పళ్లు కొరుక్కుని, చివరికి ఒక్కసారిగా అరుస్తాం. మొదటి అయిదు నిమిషాల్లోనే, నవ్వుతూ చెబితే గొడవ ఉండదు. "అన్నా, కొంచెం సౌండ్ తగ్గిస్తారా, పాప పడుకుంది" చాలు. పాప లేకపోతే "తలనొప్పిగా ఉంది" అనండి, అది ఎలాగూ అబద్ధం కాదు. పెద్దవాళ్లయితే చాలాసార్లు తగ్గించడం తెలియక వదిలేస్తారు. "బాబాయ్ గారూ, ఇటివ్వండి, నేను పెడతాను" అని బటన్ చూపిస్తే సంతోషిస్తారు. రెండుసార్లు చెప్పినా వినకపోతే వాదన పెట్టుకోవద్దు, బస్సులో కండక్టరుకి చెప్పండి, రైల్లో 139కి ఫిర్యాదు చేయండి. ఆ మనిషిని వీడియో తీసి నెట్లో పెట్టడం పరిష్కారం కాదు, మీరు కూడా అదే తప్పులోకి దిగినట్టు.

3. గుడి, సినిమా హాలు, ఆసుపత్రి, చావు ఇల్లు

తిరుమల ఆలయంలోకి ఫోన్లు అనుమతించరని అందరికీ తెలుసు. అయితే ఫోన్ కౌంటర్లో ఇచ్చేశాక ఒకరినొకరు వెతుక్కోవడంలోనే సగం రోజు పోతుంది. డిపాజిట్ చేయకముందే ఎక్కడ కలుసుకోవాలో తేల్చుకోండి. మహాద్వారం ఎదురుగా ఉన్న బేడి ఆంజనేయస్వామి గుడి అందరికీ తెలిసిన గుర్తు. అందరి ఫోన్లూ ఒకే రసీదు మీద ఇస్తే ఆ రసీదు ఉన్నవాళ్లు వచ్చేదాకా మిగతావాళ్లు ఎదురుచూడాలి, అదీ ఆలోచించుకోండి. మిగతా గుళ్లలో ఫోన్ లోపలికి వదిలినా గర్భగుడి వైపు కెమెరా ఎత్తకండి. మీరు ఫొటో కోసం ఆగిన ఆ నాలుగు క్షణాలు వెనకవాళ్ల దర్శనంలోంచి పోతాయి.

సినిమా హాల్లో తెర మీద బొమ్మని స్టేటస్ కోసం తీయడం సరదా అనుకుంటారు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా హాల్లో సినిమా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా ఉన్నాయి. ఆసుపత్రిలో వార్డు బయటికి వచ్చి మాట్లాడండి. పరామర్శకి వెళ్లి పేషెంటు ఫొటో గ్రూపులో పెట్టకండి.

చావు ఇంటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇప్పుడు మన ఊళ్లలో సగం ఇళ్లకి పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. విమానం దొరికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, కడసారి చూపు వీడియో కాల్లోనే. అది తప్పు కాదు, చూడాల్సినవాళ్లకి చూపించాలి. చేసే పద్ధతిలోనే తేడా వస్తోంది. ఆరుగురు ఆరు ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు, స్పీకర్లో అటువైపు ఏడుపు, ఇటువైపు "హలో, హలో, కట్ అవుతోంది". ఆ పని ఒక్కరికి అప్పగించండి, దగ్గరి బంధువు, కాస్త నిబ్బరం ఉన్న మనిషి. ఆయన ఫోన్ నిండా ఛార్జ్ చేసి, డేటా చూసుకుని, ఒక పక్కగా కదలకుండా నిలబడాలి. అటువైపు మనిషి మాట్లాడాలంటే ఇయర్‌ఫోన్ తీసి తల్లి చెవిలోనో తమ్ముడి చెవిలోనో పెట్టాలి. ఏడుస్తున్న ఆడవాళ్ల మొహాల మీదికి కెమెరా తిప్పకూడదు. మృతదేహం ఫొటో స్టేటస్‌లో పెట్టేవాళ్లకి నాదొక మాట: పాత మంచి ఫొటో ఒకటి ఇంట్లోవాళ్లని అడిగి పెట్టండి, అదీ వాళ్లు సరేనంటేనే.

4. అడవిలో అడుగుపెట్టాక

ఇక్కడ ఇయర్‌ఫోన్ నియమం తిరగబడుతుంది. బస్సులో తప్పనిసరి, కాలిబాట మీద ప్రమాదం. నల్లమలలో ఎలుగుబంట్లు ఉన్నాయి, హఠాత్తుగా ఎదురుపడితే అది మీద పడుతుంది. పొదల్లో కదలిక, ముందు నడిచే చెంచు గైడు "ఆగండి" అన్న మాట, రెండూ వినపడాలి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత చిన్నపిల్లని చంపేసిన తర్వాత అక్కడ గుంపులుగా నడవమంటున్నారు. గుంపులో ఉండి కూడా రెండు చెవులూ మూసుకుని, తల వంచుకుని తెర చూస్తూ నడిస్తే ఒంటరిగా నడిచినట్టే.

స్పీకర్లు వద్దు. దీనికి "కొంచెం సౌండ్‌తో" అనే మధ్యే మార్గం లేదు. రాత్రి టెంట్ దగ్గర పాట కావాలంటే పాడండి, మన గ్రూపుల్లో పాడేవాళ్లు ఒకరైనా ఉంటారు.

పిట్టలని ఫొటో తీసేవాళ్లలో ఒక అలవాటు ఉంది. ఫోన్లో ఆ పిట్ట కూతే వినిపిస్తే అది ఎదురుగా వచ్చి వాలుతుంది. ముచ్చటపడి వచ్చిందనుకోకండి, తన చోటులోకి ఇంకో మగ పిట్ట చొరబడిందని పోట్లాటకి వస్తుంది. గూడు వదిలి, మేత వదిలి లేని శత్రువు కోసం తిరుగుతుంది. గుడ్లు పెట్టే కాలంలో ఈ పని అసలు చేయొద్దు.

రాత్రిపూట ఫ్లాష్ వద్దు. శేషాచలం వైపు కనిపించే దేవాంగపిల్లికి అంత పెద్ద కళ్లు చీకట్లో చూడటానికే. మొహం మీద ఫ్లాష్ కొడితే దానికి కాసేపు ఏమీ కనిపించదు, కొమ్మ మీద గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. టార్చ్ వేయాలంటే నేలవైపు, ఎర్ర కాగితమో గుడ్డో అడ్డం పెట్టి వేయండి. ఎదురొచ్చే మనుషుల కళ్లకీ అది హాయి.

సఫారీ జీపుల్లో ఇంకో చిక్కు. ఒక డ్రైవరుకి పులి కనిపిస్తే మిగతావాళ్లకి ఫోన్ చేస్తాడు, పది నిమిషాల్లో జీపులన్నీ అక్కడే, పులి మధ్యలో. 2025 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ టైగర్ రిజర్వ్ కేసులో తీర్పిస్తూ సుప్రీంకోర్టు టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లోని పర్యాటక జోన్లలో ఫోన్ల వాడకాన్ని వద్దంది. గేటు దగ్గర ఫోన్ ఇవ్వమన్నా, బ్యాగులో పెట్టమన్నా సిబ్బందితో వాదించకండి. డ్రోన్ అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా బ్యాగులోంచి బయటికే తీయొద్దు.

తోటివాళ్ల సంగతి ఒకటుంది. గ్రూపులో ఎవరో ఒకరు ప్రతి మలుపులో ఫోన్ ఆకాశానికి ఎత్తి "ఒక గీత వచ్చింది!" అంటుంటారు. వెంటనే ఆఫీసు మెయిళ్లు దిగుతాయి, ఆయన మొహం మారిపోతుంది, దాంతో పక్కనున్నవాళ్ల ట్రిప్ కూడా పాడవుతుంది. బయల్దేరేటప్పుడే మాట్లాడుకోండి: మధ్యాహ్నం తిండి దగ్గర ఒకసారి, సాయంత్రం ఒకసారి, పది నిమిషాలు. ఇంట్లో చంటిపిల్లలో, జబ్బుపడ్డ పెద్దవాళ్లో ఉన్నవాళ్లు మధ్యలో చూసుకోవాల్సి వస్తే పక్కకి వెళ్లి చూసుకుంటారు, వాళ్లని ఆటపట్టించొద్దు.

5. ఆదివాసీ ఊళ్లలో, సంతలో, జలపాతాల దగ్గర కెమెరా

అరకు, మారేడుమిల్లి దారుల్లో సంతకొచ్చిన ముసలమ్మ మొహానికి అడుగు దూరంలో ఫోన్ పెట్టి ఫొటో తీసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లని చూస్తుంటాం. ఆమె ఎగ్జిబిషన్‌లో వస్తువు కాదు, పసుపో చింతపండో అమ్ముకోవడానికి వచ్చిన మనిషి. ముందు నమస్కారం పెట్టండి. బేరమాడకుండా ఏదైనా కొనండి. "అమ్మా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అని అడగండి. భాష రాకపోతే ఫోన్ చూపించి తల ఊపితే అర్థమవుతుంది. తల తిప్పుకున్నా, కొంగు అడ్డం పెట్టుకున్నా వద్దనే అర్థం. తీశాక తెర తిప్పి చూపించండి. పిల్లల ఫొటోలకి వాళ్ల అమ్మానాన్నల మాట కావాలి, చాక్లెట్ ఇచ్చి తీయడం సరిపోదు. ఇళ్ల లోపల, పూజల దగ్గర, సమాధుల దగ్గర ఆ ఊరి పెద్ద చెప్పకుండా కెమెరా తీయొద్దు.

జలపాతాల దగ్గర తడిబట్టల్లో ఆడవాళ్లు, పిల్లలు ఉంటారు. మీరు మీ గ్రూపు వీడియో తీస్తున్నా వెనక ఎవరు పడుతున్నారో చూసుకోండి. బట్టలు మార్చుకునే ఆడవాళ్లని తీయడం నేరం, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కిందికి వస్తుంది.

ఇక సెల్ఫీ. నడిచేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి, ఫోన్ తీస్తే కాళ్లు ఆగాలి. రెండూ ఒకేసారి వద్దు. పాకుడు పట్టిన బండ మీద, లోయ అంచున, రైలు పట్టాల మీద వెనక్కి అడుగేస్తూ ఫ్రేమ్ సరిచూసుకోకండి. మంచి చోట ఫొటో కోసం వరస ఉంటే రెండు మూడు తీసుకుని తప్పుకోండి, రీలు పదో టేకు దాకా మిగతావాళ్లు ఎదురుచూడక్కర్లేదు.

6. ఆపద వస్తే

2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లిన దాదాపు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. ఫోన్ కలిసింది కాబట్టి పోలీసులకి కబురందింది, ఎన్డీఆర్ఎఫ్ బృందాలు వెళ్లి తీసుకొచ్చాయి. ఫోన్లో బ్యాటరీ మిగల్చడం ఎందుకో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూనే బ్యాటరీ తినేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ పనిచేస్తుంది. గ్రూపులో ఒకరి ఫోన్ పూర్తిగా ఆపేసి దాచండి, అది ఆపదకే.

ఆపదలో ముందు 112. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ అందుతుంటే ఈ కాల్ వెళ్లే అవకాశం ఉంది. అంబులెన్స్‌కి 108. కాల్ నిలవకపోతే తెలిసినవాళ్లకి ఎస్సెమ్మెస్ పంపండి, మాట వెళ్లని చోట నుంచి కూడా ఒక్కోసారి అది వెళ్లిపోతుంది. అందులో ఈ వివరాలు ఉండాలి: ఎక్కడున్నారు (మ్యాప్‌లో వచ్చే అంకెలు), ఎంతమంది, ఎవరికేమైంది, కదలగలరా, ఫోన్లో ఎంత ఛార్జింగ్ ఉంది. పంపాక అక్కడే ఉండండి. మీరు చెప్పిన చోటికి వచ్చేవాళ్లకి మీరు అక్కడ లేకపోతే వాళ్ల ప్రాణాలు కూడా ప్రమాదంలో పడతాయి. బంధువులందరికీ విడివిడిగా ఫోన్లు చేసుకోవడం, లైవ్ పెట్టడం ఆ సమయంలో పనులు కావు. గాయపడినవాళ్ల వీడియో అసలే వద్దు. కాళ్లు నొప్పులు పుట్టాయని, చీకటి పడిందని 112కి చేయడం కూడా సరికాదు. పవర్ బటన్ వరసగా నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే సదుపాయం చాలా ఫోన్లలో ఉంది. అది బ్యాగులో నలిగి తనంతట తాను వెళ్లకుండా చూసుకోండి.

అమెరికా నుంచి సెలవులకొచ్చే మనవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడ ట్రెక్కింగ్‌కి వాడే గార్మిన్ ఇన్‌రీచ్‌లాంటి ఉపగ్రహ పరికరాలు, శాటిలైట్ ఫోన్లు ఇక్కడ అనుమతి లేకుండా తేకూడదు. విమానాశ్రయాల్లో విదేశీయులు వీటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నారు. ఐఫోన్లో అక్కడ పనిచేసే శాటిలైట్ ఎస్‌ఓఎస్‌ని కూడా ఇక్కడ నమ్ముకోవద్దు.

7. ఇంటికొచ్చాక

సిగ్నల్ రాగానే ముందు మీరు ప్లాన్ పంపినవాళ్లకి "చేరాం" అని చెప్పండి, ఇన్‌స్టా తర్వాత.

ఫొటోలు పెట్టేటప్పుడు గ్రూపులో అందరినీ అడగండి. ఆఫీసులో జ్వరమని చెప్పి వచ్చినవాళ్లు కూడా ఉంటారు. గూళ్లు, నక్షత్ర తాబేళ్లు, అరుదైన జంతువుల ఫొటోలకి చోటు పేరు పెట్టొద్దు, నక్షత్ర తాబేళ్లని దొంగరవాణా చేసే ముఠాలు ఉన్నాయి. "నల్లమల" అంటే సరిపోతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి, లేదంటే ఫొటో లోపలే ఆ చోటు వివరం నిక్షిప్తమై ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరం పోతుంది కానీ డాక్యుమెంటుగా పంపితే ఫొటోతో పాటే వెళ్తుంది.

సంతలో ముసలమ్మకో, దారి చూపిన గైడుకో ఫొటో పంపిస్తానని మాటిచ్చి ఉంటే ఆ వారంలోనే పంపండి. వాళ్లకి స్మార్ట్‌ఫోన్ లేకపోతే ప్రింటు తీయించి, ఆ ఊరి టీచరు పేరు మీదో, మీరు బస చేసిన చోటి వాళ్ల పేరు మీదో పోస్టులో వేయండి.